గొంతు తగ్గింది, నాలుక మారింది, కడుపు చెడింది – ఇప్పుడేం చేయాలి?

(జార్జ్ టౌన్‌లో జరిగిన మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వారానికి దొరికే ఒక్క సెలవు రోజున, బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకోవడం పక్కన పెట్టి ఇక్కడికి వచ్చారు. కొందరు బయాన్ లెపాస్ ఫ్యాక్టరీల నుంచి నైట్ షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చారు, కొందరు బటర్‌వర్త్ నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చారు. కాబట్టి మీకు రేపటి నుంచే పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

విషయం చిన్నదే. గొంతు నొప్పి. దాని గురించి కూడా ప్రసంగమా అని మీరు నవ్వొచ్చు. కానీ మన హాస్టళ్ళలో ఎక్కువగా వినిపించే మాట ఇది: "గొంతు నొప్పి వచ్చింది, బిళ్ళలు వేసుకున్నా, తగ్గింది. కానీ అప్పటినుంచి నాలుక తెల్లగా పాచి కట్టింది. కారం తగిలితే మంట. అన్నం సహించట్లేదు. కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు. ఏమైందో తెలీడం లేదు."

ఇలాంటప్పుడు మనవాళ్ళు మూడు రకాలుగా చేస్తారు. ఒకరు ఫోన్లో వెతికి, క్యాన్సరేమోనని రాత్రంతా నిద్రపోరు. ఇంకొకరు "మందులు వేడి చేశాయి" అనుకుని, ఊరి నుంచి తెచ్చిన సంచిలో చేతికందిన బిళ్ళ మింగుతారు. మూడోవారు ఎవరికీ చెప్పరు. చెబితే జీతం కోస్తారేమో, ఇంటికి పంపేస్తారేమో అని భయం. ఈ మూడు దారులూ మంచివి కావు. అసలు ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఎప్పుడు భయపడాలో తెలిస్తే ప్రాణం దక్కుతుంది.

ముందు గొంతు సంగతి

పెద్దవాళ్ళలో వచ్చే గొంతు నొప్పి చాలా వరకు వైరస్ వల్ల వస్తుంది. జలుబు, దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురు తోడుగా ఉంటే దాదాపు అదే. దానికి యాంటీబయాటిక్ పని చేయదు. వారం రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మీరు మూడో రోజు బిళ్ళ మొదలుపెట్టి ఆరో రోజు తగ్గితే, పేరు బిళ్ళకు పోతుంది. తగ్గించింది మాత్రం మీ ఒళ్ళే.

స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పి పెద్దవాళ్ళలో 100 మందిలో 5 నుంచి 15 మందికే ఉంటుంది. అది ఉన్నట్టుండి వస్తుంది. గట్టి జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు, దవడ కింద ముట్టుకుంటే నొప్పి పుట్టే బిళ్ళలు కనిపిస్తాయి, దగ్గు మాత్రం ఉండదు. దీనికి డాక్టరు పెన్సిలిన్ జాతి మందు, సాధారణంగా 10 రోజులకు రాస్తారు. మూడో రోజుకే హాయిగా అనిపించినా మధ్యలో ఆపకూడదు. సగంలో వదిలేస్తే కొందరికి కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మలేషియాలో యాంటీబయాటిక్ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 1952 నాటి విషపదార్థాల చట్టం కింద అవి డాక్టరు చీటీతోనే ఇవ్వాల్సిన మందులు. అందుకే మనవాళ్ళు ఊరి నుంచి వచ్చేటప్పుడే నాలుగైదు స్ట్రిప్పులు తెచ్చుకుంటారు. పక్క మంచం తమ్ముడికి గొంతు నొప్పి వస్తే ప్రేమగా రెండు ఇస్తారు. ప్రేమ మంచిదే, ఆ రెండు బిళ్ళలు మంచివి కావు. జబ్బు తగ్గదు సరికదా, నాలుకా కడుపూ చెడటం అక్కడే మొదలవుతుంది.

నాలుక ఎందుకు మారుతుంది?

నాలుక మీద సన్నటి నూగులాంటిది ఉంటుంది. మనం అన్నం నమిలినప్పుడల్లా ఆ నూగు పైపొర రాలిపోతూ ఉంటుంది. గొంతు నొప్పితో రెండు మూడు రోజులు సరిగ్గా తినం, నీళ్ళు తాగం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తాం. అప్పుడు నూగు రాలకుండా పెరిగి, దాని మీద చచ్చిన కణాలు, క్రిములు పేరుకుంటాయి. అదే తెల్లటి పాచి. నోరు చేదుగా, చప్పగా ఉండటానికీ, వాసనకీ ఇదే కారణం. తిండి మామూలయ్యాక పోతుంది. పొద్దున్నే నాలుక బద్దతో మెల్లగా గీసుకుంటే చాలు, రక్తం వచ్చేలా గీకకండి.

రెండో రకం యాంటీబయాటిక్ వాడాక వస్తుంది. మన నోట్లో మంచి క్రిములూ ఉంటాయి, కాండిడా అనే బూజు కూడా కొంచెం ఉంటుంది. మంచి క్రిములు ఆ బూజును అదుపులో పెడతాయి. యాంటీబయాటిక్ చెడ్డవాటితో పాటు మంచివాటినీ చంపుతుంది. కాపలా పోయాక బూజు పెరుగుతుంది. తోడిన పెరుగు తునకల్లా తెల్లటి మచ్చలు నాలుక మీద, బుగ్గల లోపల కనిపిస్తాయి. తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడి, కింద ఎర్రగా మండుతూ ఉంటుంది. కొందరికి తెలుపు లేకుండా ఉత్త ఎరుపూ మంటే ఉంటాయి. మనం నోటిపూత అంటాం. చాలామంది దీనికి బి-కాంప్లెక్స్ బిళ్ళలు మింగుతారు. బూజుకు విటమిన్ మందు కాదు. నిస్టాటిన్ లాంటి బూజు మందు కావాలి, అది డాక్టరు ఇస్తారు. ఏ మందూ వాడకుండానే నోటిపూత మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది తరచుగా వస్తుంది.

మూడోది, నల్లటి నాలుక. మందుల తర్వాత, లేదా బాగా పొగ తాగేవాళ్ళకు నూగు పొడవు పెరిగి గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ప్రమాదం కాదు. శుభ్రం చేసుకుంటూ, పొగ మానేస్తే పోతుంది.

ఇంకొక భయం. అద్దంలో నాలుక బాగా బయటికి చాపి చూసుకుంటే, వెనక భాగంలో వరసగా గుండ్రటి గుబ్బలు కనిపిస్తాయి. "గడ్డలొచ్చాయి" అని కంగారు పడిపోతారు. అవి పుట్టినప్పటినుంచీ ఉన్నవే, రుచి తెలిపే గుబ్బలు. గొంతు నొప్పి వచ్చాకే అద్దంలో చూసుకున్నాం కాబట్టి కొత్తగా కనిపిస్తాయి.

ఎర్రగా, నున్నగా మారిన నాలుక

ఒక నాలుక మాత్రం వేరు. నూగంతా పోయి, గాజులా నున్నగా, ఎర్రగా, మంటగా మారుతుంది. తోడుగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం, వారాల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం ఉండొచ్చు. ఇది గొంతు నొప్పి మిగిల్చినది కాదు. ఒంట్లో ఐరన్, బి12, ఫోలిక్ ఆసిడ్ తక్కువైతే ఇలా ఉంటుంది. గొంతు నొప్పి వచ్చి నాలుక చూసుకున్నప్పుడు బయటపడుతుందంతే.

ఇక్కడ మన తెలుగాయన ఒకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సొంత అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. నాలుక పుండై ఎర్రబడటం, ఎడతెగని విరేచనాలు, ఒళ్ళు చిక్కి శల్యం కావడం, ఇవీ ఆ జబ్బు లక్షణాలు. వేడి దేశాల్లో, మన దేశం నుంచి ఈ ఆగ్నేయాసియా దాకా, ఒకప్పుడు అది చాలామందిని తీసుకుపోయింది. సుబ్బారావు గారు అమెరికా వెళ్ళారు. ఆయన నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల వారు 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేశారు. స్ప్రూకి అది మందైంది. ఆ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఈనాటికీ స్ప్రూ వైద్యంలో ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ రెండూ కలిపి ఇస్తారు. పరాయి దేశంలో ప్రయోగశాలలో కూర్చుని పనిచేసిన మన మనిషి చలవ అది. ఆ ఏడాదే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

ఈ రోజుల్లో స్ప్రూ అరుదు. కానీ పాఠం మిగిలే ఉంది. నాలుక ఎర్రగా నున్నగా మారి, విరేచనాలు, నీరసం వదలకపోతే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ కూర్చోకండి, రక్తపరీక్ష చేయించుకోండి. తిండి కూడా చూసుకోండి. మూడు పూటలా ప్యాకెట్ నూడుల్స్ తింటే ఐరన్, బి12 ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడి చౌరస్తా మార్కెట్లో బాయమ్ అని అమ్మేది మన తోటకూర చుట్టమే. కాంగ్‌కొంగ్ అంటే మన తూటికూర. పప్పులో వేసి వండుకుంటే ఫోలిక్ ఆసిడ్ దొరుకుతుంది. బి12 కోసం గుడ్డు, చేప, పెరుగు తినండి. గదిలో నలుగురు కలిసి వండుకుంటే ఖర్చు కూడా తక్కువే.

కడుపు ఎందుకు చెడుతుంది?

యాంటీబయాటిక్ నోట్లో చేసిన పనే పేగుల్లోనూ చేస్తుంది. మంచి క్రిములు పోతాయి, రోజుకు మూడు నాలుగు సార్లు పల్చటి విరేచనం, ఉబ్బరం, గుడగుడ వస్తాయి. చాలామందికి మందు ఆపిన కొద్ది రోజులకు సర్దుకుంటుంది.

రెండో కారణం నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్, ఆస్పిరిన్ ఈ జాతివి. గొంతు నొప్పితో తినలేక, ఖాళీ కడుపున వీటిని మింగి షిఫ్టుకు పరిగెడతాం. అవి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. మంట, పుల్లటి తేన్పులు, రొమ్ము కింద నొప్పి అక్కడి నుంచే వస్తాయి. పైన సిగరెట్, ఆదివారం మందు పార్టీ కలిస్తే పుండు పడుతుంది, రక్తం కూడా కారొచ్చు.

గొంతు నొప్పికీ జ్వరానికీ పారాసెటమాల్ మేలు. 500 మిల్లీగ్రాముల బిళ్ళలు రోజుకు 8కి మించకూడదు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. జలుబు బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ కలిసే ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే లెక్క తప్పుతుంది, కాలేయం దెబ్బతింటుంది. సారా అలవాటు ఉన్నవాళ్ళు డాక్టరుకు ఆ మాట చెప్పి తీరాలి.

మూడోది అందరూ వినాలి. ఇది డెంగ్యూ ఉన్న దేశం. జ్వరం, ఒళ్ళు నొప్పులు, కొంచెం గొంతు నొప్పి, వికారం – డెంగ్యూ ఇలాగే మొదలు కావచ్చు. జ్వరం ఏమిటో తేలేదాకా ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ముట్టుకోకండి, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం తగ్గిన రోజున కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, కాళ్ళు చేతులు చల్లబడటం కనిపిస్తే "జ్వరం పోయింది కదా" అని పడుకోకండి. అసలు ప్రమాదం అప్పుడే ఉంటుంది. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

నాలుగోది, పేరులేని మందులు. "ఇది వేసుకో అన్నా, రెండు రోజుల్లో గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పి మాయం" అని పొట్లాల్లో గుళికలు అమ్ముతారు. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపినట్టు మలేషియా ఆరోగ్య శాఖ పలుమార్లు బయటపెట్టింది. స్టెరాయిడ్ మొదట హాయిగా ఉంటుంది. తర్వాత మొహం ఉబ్బుతుంది, కడుపులో పుండు పడుతుంది, నోట్లో బూజు పెరుగుతుంది. ఇక్కడ నమోదైన మందు పెట్టె మీద మాల్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే నంబరు, మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరు ఉంటాయి. అవి లేనిది కొనకండి.

గదిలో చేసుకోగలిగినవి

గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి. నీళ్ళు ఎక్కువ తాగండి. గంజి, ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, అరటిపండు తినండి. మజ్జిగ, పెరుగు కడుపుకు మంచివి. ఆవకాయ, నాసి కందార్ కారపు పులుసులు, ఖాళీ కడుపున చిక్కటి తే తారిక్, వీటికి ఒక వారం సెలవు ఇవ్వండి. ఆవకాయ ఎక్కడికీ పోదు.

బిళ్ళ వేసుకున్నాక నిండు గ్లాసు నీళ్ళు తాగాలి, వెంటనే పడుకోకూడదు. డాక్సీసైక్లిన్ లాంటివి అన్నవాహికలో అతుక్కుంటే అక్కడే పుండు చేస్తాయి.

విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ ఎన్ని నీళ్ళలో కలపాలో చదివి కలపండి, ఇక్కడి ప్యాకెట్లు చాలావరకు మన ఊరివాటికంటే చిన్నవి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరిగ్గా కొలిచి కలపండి.

ఒక గదిలో ఎనిమిది మంది ఉన్నప్పుడు ఒకరి గొంతు అందరి గొంతవుతుంది. గ్లాసు, చెంచా, బీడీ పంచుకోకండి, మాస్కు పెట్టుకోండి. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు గాజుగుడ్డ మాస్కులు కట్టించి దాన్ని అదుపు చేసిన డాక్టర్ వూ లియెన్-తే ఈ పెనాంగ్‌లోనే 1879లో పుట్టారు. ఆయన పుట్టిన ఊళ్ళో ఉంటూ మాస్కుకు సిగ్గుపడితే ఎలా?

ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సినవి

నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, గొంతులో వేడి ముద్ద ఉన్నట్టు మాట మారడం, ఊపిరి ఆడకపోవడం – టాన్సిల్ పక్కన చీముగడ్డ కావచ్చు, రాత్రయినా ఆగకండి.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, విరేచనంలో రక్తం.

గొంతు నొప్పి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, మొహం, కాళ్ళు వాయడం. మూత్రపిండాలు దెబ్బతిన్న గుర్తు.

గొంతు నొప్పి, విపరీతమైన అలసటతో పాటు ఎడమ పక్కటెముకల కింద నొప్పి. ప్లీహం వాచి ఉండొచ్చు. అలాంటప్పుడు బరువులు ఎత్తకూడదు.

వారం దాటిన జ్వరం, నాలుక మధ్యలో పాచి, అంచులు ఎరుపు, కడుపు నొప్పి. టైఫాయిడ్ పరీక్ష చేయాలి.

రెండు మూడు వారాలైనా మానని నాలుక పుండు, తుడిచినా పోని తెల్ల మచ్చ, గట్టి గడ్డ. ఖైనీ, గుట్కా వాడేవాళ్ళు ఒక్క రోజు కూడా వాయిదా వేయొద్దు. నోటి క్యాన్సర్ తొలిదశలో దొరికితే నయమవుతుంది.

అత్యవసరమైతే 999కి ఫోన్ చేయండి. ద్వీపం మీద హాస్పిటల్ పులావ్ పినాంగ్, అవతలి ఒడ్డున సెబెరాంగ్ జయా ఆస్పత్రి ప్రభుత్వానివే.

జీతం, పర్మిట్ భయం

ఇప్పుడు మీ మనసులో ఉన్న మాట. "సెలవు పెడితే జీతం పోతుంది." 1955 నాటి ఉద్యోగ చట్టం ఇక్కడ మనకూ వర్తిస్తుంది. డాక్టరు ఎమ్‌సీ ఇస్తే, రెండేళ్ళ లోపు సర్వీసు ఉన్నవారికి ఏడాదికి 14 రోజులు, రెండు నుంచి అయిదేళ్ళ వారికి 18, ఆపైన 22 రోజులు జీతంతో అనారోగ్య సెలవు ఉంటుంది. ఆస్పత్రిలో చేరాల్సివస్తే 60 రోజులు. షరతులు రెండు: కంపెనీకి ప్యానెల్ డాక్టరు ఉంటే ముందు ఆయన దగ్గరికి పోవాలి, 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి. సూపర్‌వైజర్‌కు నోటిమాటతో వదిలేయకండి, వాట్సాప్‌లో ఎమ్‌సీ ఫోటో పంపండి. అది మీ దగ్గర సాక్ష్యంగా ఉంటుంది.

"ఇంటికి పంపేస్తారేమో" అన్నది రెండో భయం. ఫోమెమా పరీక్ష చూసేది టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బి లాంటివాటిని. గొంతు నొప్పి, నోటిపూత, గ్యాస్ ఆ జాబితాలో లేవు. దాచిపెట్టి ముదరబెట్టుకుంటేనే నష్టం.

మన పర్మిట్‌తో పాటు స్పిక్‌పా అనే ఆరోగ్య బీమా ఉంటుంది. అది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది, మామూలు క్లినిక్ ఖర్చుకు కాదు. ఆ కార్డు, పాస్‌పోర్టు, పర్మిట్ ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి, గదిలో ఒకరికి పంపి ఉంచండి.

డాక్టరు దగ్గర చెప్పడానికి

భాష రాదని చాలామంది పోరు. ఈ మాటలు రాసుకోండి. సాకిత్ తెకాక్ అంటే గొంతు నొప్పి. లీదా అంటే నాలుక. సాకిత్ పెరూత్ కడుపు నొప్పి. దెమామ్ జ్వరం. చీరిత్-బీరిత్ విరేచనాలు. ముంతా అంటే వాంతి, మన ముంతను గుర్తుపెట్టుకుంటే చాలు. అలాహన్ ఊబత్ అంటే మందు పడకపోవడం. మందు కవరు మీద సెబెలుమ్ మాకన్ అంటే తిండికి ముందు, సెలెపాస్ మాకన్ అంటే తిన్నాక, తీగా కాలీ సెహారి అంటే రోజుకు మూడు సార్లు. హాబిస్కన్ అని ఉంటే మొత్తం పూర్తి చేయమని.

వెళ్ళేటప్పుడు అప్పటికే మింగిన బిళ్ళల స్ట్రిప్పులు తీసుకెళ్ళండి. ఊరి నుంచి తెచ్చినవైనా సరే, సిగ్గుపడకండి. డాక్టరుకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఊళ్ళో అయితే అమ్మో, ఇంటావిడో "ఏదీ, నాలుక చూపించు" అనేవారు. ఇక్కడ అలా అడిగేవాళ్ళు లేరు. పక్క మంచం అన్న మూడు రోజులుగా అన్నం వదిలేస్తుంటే మీరే అడగండి. సిగ్గుపడితే వెంట తీసుకుపోండి. మీ ఒంటి మీద ఇక్కడి కంపెనీ పని ఒక్కటే కాదు, ఊళ్ళో ఒక ఇల్లు కూడా ఆధారపడి ఉంది.